ఇబ్బంది పెట్టని లోకో పైలట్

కొత్తగా అసిస్టెంట్ లోకో పైలట్లుగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో ఖరిదా పేటలోని మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి దగ్గర అనుభవం ఉంటుందని ఎవరో వాళ్ళకు చెప్పి ఉంటారు. టీ తాగుతారు, నా మోకాళ్ళ సంగతి అడుగుతారు, ఆ తర్వాత అసలు విషయానికి వస్తారు. సర్వీసులో పెద్ద యాక్సిడెంటు ఏదైనా చూశారా అని. చూశాను. చెప్పను. బోగీలు పట్టాలు తప్పిన కథలు వినడానికి బాగుంటాయి గానీ, వాటిలో తెలుసుకోవలసినదంతా వాళ్ళకు ట్రైనింగ్ స్కూల్లో చెప్పే ఉంటారు. అందుకని ఏ బోగీ పడిపోని, ఏ సిగ్నలూ దాటని ఒక సంగతి చెబుతాను. వాళ్ళ మొహాలు వాడిపోతాయి. కప్పులో టీ ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి వింటారు. చదువుతున్న మీకు ఆ టీ కూడా లేదు. అయినా వినండి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి వర్క్‌షాపులో ఖలాసీగా చేరడానికి వచ్చాడు. మా నాన్నా వర్క్‌షాపే. నేను కాస్త పైకి ఎక్కి ఇంజను మీద కూర్చున్నాను. చాలాకాలం గూడ్సులు నడిపాను. తర్వాత కళ్ళు తగ్గాయని డాక్టరు రాసేసరికి నన్ను దింపి లాబీలో కూర్చోబెట్టారు. లాబీ అంటే హోటల్లో ఉండేది కాదు. బండి ఎక్కే ముందు డ్రైవర్లంతా వచ్చి, తాగలేదని మిషన్లోకి ఊది, సంతకం పెట్టి బయల్దేరే గది. ఎవరు ఏ బండి మీద వెళ్ళాలో, ఎవరు ఎప్పుడు నిద్ర లేవాలో, ఎవరు తమ పెళ్ళిరోజు మర్చిపోవాలో తేల్చేది ఆ గదే. చివరి రోజుల్లో దానికి నేనే ఇన్‌ఛార్జిని.

ఆ కుర్చీలో కూర్చున్నవాడికి మనుషుల మీద నమ్మకం తగ్గుతుంది. సెలవు కోసం ఒకే డ్రైవరుకు ఒకే మేనత్త పలుమార్లు చనిపోవడం చూశాను. దసరా పూజ రోజుల్లో సగం మంది ఫోన్లు ఒకేసారి పాడైపోవడం చూశాను. అలాంటి చోట అతనొక్కడు ఉండేవాడు.

గూడ్సు పైలట్. మన తెలుగువాడే, ఈ ఊళ్ళోనే పుట్టినవాడు. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. ఫోను చేస్తే వెంటనే ఎత్తేవాడు. సెలవు అడిగేవాడు కాదు. అష్టమి నాడు రమ్మన్నా వచ్చేవాడు, జ్వరం తగ్గీ తగ్గని ఒంటితో రమ్మన్నా వచ్చేవాడు. జ్వరం ఉందని మాకు తెలిసేది కాదు, అది వేరే సంగతి. ఎవరైనా రానని మొరాయిస్తే మేం చేసే తర్వాతి ఫోను అతనికే. అతని గురించి లాబీలో అందరూ ఒకే మాట అనేవారు, ఆ మనిషితో ఏ ఇబ్బందీ లేదు అని. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇబ్బంది పెట్టేవాళ్ళ గురించి తెలుసుకోవడానికే మాకు టైము చాలేది కాదు.

మా రైల్వేలో ఫ్యామిలీ సెమినార్ అని ఒకటి ఉంది. డ్రైవర్ల భార్యలను ఒక హాల్లో కూర్చోబెట్టి, సింగాడా అనే ఇక్కడి సమోసా, సందేశ్ మిఠాయి ఉన్న ప్యాకెట్లు చేతికిచ్చి, ఆఫీసర్లు మాట్లాడతారు. మీ ఆయన ఇంటికొస్తే పడుకోనివ్వండి, డ్యూటీకి వెళ్ళేముందు గొడవ పెట్టుకోకండి, పిల్లల ఫీజుల సంగతి తర్వాత చెప్పండి, వేల టన్నుల బండి ఆయన చేతిలో ఉంటుంది అని. భార్యలు తలలూపుతారు. వాళ్ళకు పడుకునే టైము దొరికిందా అని మాత్రం ఎవరూ అడగరు. చివర్లో ఏమైనా సమస్యలుంటే చెప్పమంటారు. క్వార్టరు కారుతోందని ఒకరు, నీళ్ళు రావడం లేదని ఒకరు చెబుతారు. ఆఫీసరు రాసుకున్నట్టు కనబడతాడు.

ఒక ఏడాది సెమినార్‌లో అతని భార్య లేచి నిలబడింది. ఆ అమ్మాయి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వాళ్ళ నాన్నా నేనూ ఒకే షెడ్డులో పనిచేశాం. ఆయన రిటైరై పలాస వెళ్ళిపోయాక పోయాడు. అక్కడ తల్లి, అన్న ఉన్నారు. పిల్ల చురుకైంది, గొంతు కాస్త పెద్దది. ఆ రోజు మాత్రం మెల్లిగా, హిందీలో చెప్పింది. మా ఆయన నన్ను ఏమీ అడగరు, దేనికీ కోపం తెచ్చుకోరు, తిన్న కంచం ఆయనే కడిగేసుకుంటారు, నేను ఉన్నట్టే ఉండదు సార్ అని. ఆఫీసరు 'బహుత్ అచ్ఛా' అని చప్పట్లు కొట్టాడు. ఆఫీసరు కొట్టాడు కాబట్టి హాలంతా కొట్టింది. సమస్య చెబుదామని లేచిన మనిషి చప్పట్ల మధ్య కాసేపు నిలబడి, కూర్చుంది. ఒళ్ళో ప్యాకెట్టు అలాగే ఉండిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మా లోకో ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉండేవాడు, బెంగాలీ, చాలా మంచివాడు, పని మీద శ్రద్ధ ఎక్కువ. అంత శ్రద్ధ ఉన్నవాళ్ళతోనే ప్రమాదం. డ్రైవర్ల ఇళ్ళకు వెళ్ళి, నిద్రకు అనువుగా ఉందా, గొడవలేమైనా ఉన్నాయా అని చూసి రావడం ఆయన పనుల్లో ఒకటి. మలంచా పేటలో వీళ్ళు అద్దెకుండే ఇంటికి వెళ్ళాడు. కిటికీలకు మందపాటి కర్టెన్లు. టీవీ కట్టేసి ఉంది. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఆయనకు కళ్ళు చెమర్చినంత పనైంది. తిరిగొచ్చి నాతో, దాదా, ఇన్నేళ్ళలో ఇలాంటి ఇల్లు చూడలేదు అన్నాడు. గృహ వాతావరణం ఆదర్శం అని రిపోర్టు కూడా ఇచ్చాడు.

అంతటితో తృప్తి పడక, కొత్తగా పెళ్ళయిన ఇద్దరు డ్రైవర్ల భార్యలను ఆ ఇల్లు చూపించడానికి తీసుకెళ్ళాడు. రన్నింగ్ స్టాఫ్ ఇల్లు ఎలా ఉండాలో కళ్ళారా చూడండమ్మా అని. ఆ రోజు అతను డ్యూటీలో ఉన్నాడు. అమ్మాయి తలుపు తీసి, వచ్చినవాళ్ళకు మూరీ, అంటే మరమరాలు, కలిపి పెట్టి, టీ ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు కర్టెన్లు చూపించాడు, నిశ్శబ్దం వినిపించాడు. మంచం మీద ఒక సూట్‌కేసు తెరిచి ఉంది, సగం సర్ది. ఆ పెళ్ళికూతుళ్ళలో ఒకమ్మాయి అదేమిటని అడిగింది. రన్నింగ్ స్టాఫ్ ఇంట్లో పెట్టె ఎప్పుడూ సర్ది ఉండాలి, అది మంచి అలవాటు అని ఇన్‌స్పెక్టరు వివరించాడు. ఆ పెట్టె డ్రైవరుది కాదు, భార్యది.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి లాబీకి వచ్చింది. లాబీకి ఆడవాళ్ళు వచ్చారంటే మా కుర్రాళ్ళంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చేస్తారు, చెవులు మాత్రం బయటే ఉంచుతారు. నేను లోపలి గదిలోకి రమ్మన్నాను. బాబాయ్, రేపు పలాస వెళ్ళిపోతున్నాను అంది. పండక్కా అని అడిగాను. కాదంది. అన్నయ్య అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం చూశాడు, ఇంక రాను అంది.

మొగుడు కొడతాడా, తాగుతాడా, ఇంకెవరైనా ఉన్నారా అని మా తరం వాళ్ళం అడిగే ప్రశ్నలన్నీ వరసగా అడిగాను. అన్నిటికీ లేదనే చెప్పింది. ప్రశ్నలు అయిపోయాయి. అప్పుడు తనే చెప్పుకొచ్చింది. పెళ్ళయి ఏళ్ళవుతున్నా ఆయన బట్టలు బీరువాలోకి రాలేదట. డ్యూటీ ట్రాలీ బ్యాగులోనే ఉంటాయట. ఒకసారి తను తీసి బీరువాలో మడతపెట్టింది. ఆయన థాంక్స్ అన్నాడు. తెల్లారేసరికి మళ్ళీ బ్యాగులో ఉన్నాయి. కుర్చీలో కూర్చుంటే అంచున కూర్చుంటాడట, ఎవరో లేవమంటారన్నట్టు. ఈమెకు ఒంట్లో బాగుండకపోతే మందు, నీళ్ళు, డాక్టరు అన్నీ క్షణాల్లో చూస్తాడట. ఆయనకు బాగుండకపోతే చెత్తబుట్టలో మాత్రల అట్ట చూసి ఈమె తెలుసుకోవాలట. కోపం పట్టలేక ఒకరోజు పింగాణీ గిన్నె విసిరికొట్టిందట. ఆయన చీపురు తెచ్చాడట, పెంకులు కాలికి గుచ్చుకుంటాయి జాగ్రత్త అన్నాడట.

"ఎల్లిపోతానని సెప్పినాను బాబాయ్. ఆగమంటారని సెప్పినాను. ఈయన సరే అన్నారు. పెట్టె సర్దడానికి సాయం సేసినారు, టేసనుకి టోటో బండి మాట్లాడేసినారు. కిటికీ పక్క బెర్తు దొరికిందని కూడా సెప్పినారు నాకు, సంతోషంగా ఉంటాదనీసి."

ఆమే మళ్ళీ అంది.

"నేను ఉంటే ఏటి, లేకపోతే ఏటి ఆ మనిషికి? ఉండు అని ఒక్కపాలి అంటే సాలును. అంతకన్నా నాకేటీ అక్కర్లేదు."

అంతా విన్నాక నాకు ఆమె మీద జాలేసింది. అతని మీద కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే కోపమే ఎక్కువ. ఇంత మంచి పిల్లను ఇలా చేస్తాడా అని. మా ఆవిడ నా గురించి కూడా ఇలాంటివే చెబుతుందని ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆమె వెళ్ళాక మర్నాటి డ్యూటీలు చూశాను. ఆమె బండి పొద్దున్న. సరిగ్గా అదే వేళకు భద్రక్ వైపు ఒక గూడ్సు ఉంది, దాని మీద అతని పేరు ఉంది. నిజానికి అది అతని టర్ను కాదు. ఇంకో డ్రైవర్ని అడిగి మార్చుకున్నాడట. సర్వీసులో అతను ఒకరిని ఏదైనా అడగడం అదే మొదలు. భార్య ఇల్లు వదిలి వెళ్ళే పొద్దున తను ఇంట్లో లేకుండా చూసుకున్నాడు.

మర్నాడు ఎప్పట్లాగే టైముకు ముందే వచ్చాడు. మిషన్లోకి ఊదాడు, సున్నా చూపించింది. రెస్టు తీసుకున్నావా, ఒంట్లో బాగుందా అని కంప్యూటరు అడిగితే అవునని నొక్కాడు. తాగితే చెప్పే మిషను మా దగ్గర ఉంది, మనసులో ఏముందో చెప్పే మిషను ఇంకా రాలేదు. టెండరు పిలుస్తున్నారేమో తెలియదు. డ్యూటీ ఎక్కినట్టు సైన్ ఆన్ చెయ్యకుండా లోపలికి పిలిచాను. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

మీ ఆవిడ ఎక్కడికి వెళ్తోంది అని అడిగాను. పలాస సార్ అన్నాడు. ఎప్పుడొస్తుంది? రాదు సార్ అన్నాడు. బండి ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతుతో అన్నాడు. నీకేమీ అనిపించడం లేదా అన్నాను, కాస్త గట్టిగానే. అతను చాలాసేపు తన బ్యాగు చక్రాల వైపు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టడని నాకు అనిపించి నేను కదలకుండా కూర్చున్నాను.

అతని తల్లి అతని చిన్నప్పుడే పోయింది. తండ్రి వర్క్‌షాపులో ఖలాసీ, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్తావిడకు సొంత పిల్లలు పుట్టాక వీణ్ణి మలంచాలో పిన్ని ఇంట్లో పెట్టారు. పిన్నికి ఇల్లు చాలక ఆద్రాలో మేనత్త దగ్గరికి పంపారు. అక్కణ్ణుంచి వాల్తేరులో పెదనాన్న దగ్గరికి, మళ్ళీ ఖుర్దాలో ఎవరో దూరపు చుట్టాల దగ్గరికి. అందరూ రైల్వే వాళ్ళే, కాబట్టి పంపడానికి ఎవరికీ చిక్కు లేదు, పాసు ఉంటుంది. బండి ఎక్కించి, గార్డుకు చెబితే దిగవలసిన చోట దింపేవాడు. కుర్రాడు మంచివాడు, ఏమీ ఇబ్బంది పెట్టడు అని ప్రతి ఇంటివాళ్ళూ తర్వాతి ఇంటివాళ్ళకు చెప్పి పంపేవారట.

"ఎవరూ కొట్టలేదు సార్. అందరూ మంచోళ్ళే," అన్నాడు. "ఇంట్లో పెద్దోళ్ళు గొంతు తగ్గించి మాటాడుకుంటే నాకు తెలిసిపోయీది. ఆళ్ళు సెప్పకముందే నేనే బట్టలు సర్దేసుకునీవోణ్ణి. సెప్పాలంటే ఆళ్ళకీ కష్టమే కదా."

ఎన్నడూ అడగలేదా, ఉంటానని, అన్నాను నేను.

"ఒక్కపాలి అడిగినాను. ఆద్రాలో. అత్త నాకు తల దువ్వీది సార్. అక్కడ ఉండాలనిపించినాది. ఎల్లనని గుమ్మం పట్టుకుని ఏడిసినాను. అత్త కూడా ఏడిసినాది. ఏడుస్తూనే బండెక్కించినాది."

ఆ మాట దగ్గర కూడా గొంతు మారలేదు. నేనే గ్లాసులో నీళ్ళు తాగి, గోడ మీద సేఫ్టీ పోస్టరు చదివాను. చాలాసార్లు చదివిన పోస్టరే.

ఇప్పుడు నాకు కొంచెం అర్థమైంది. భార్య వెళ్తానంటే ఇతను టోటో పిలిచింది ఆమె అక్కర్లేక కాదు. వెళ్ళాలని ఎదుటి మనిషి నిశ్చయించుకున్నాక పెట్టె సర్ది సాయపడటం ఒక్కటే అతనికి ఎవరైనా నేర్పిన ప్రేమ. చిన్నప్పుడు తన పెట్టె సర్దుకున్నాడు. ఇప్పుడు ఆమెది సర్దాడు. మేం లాబీలో మెచ్చుకున్నదీ, ఆఫీసరు చప్పట్లు కొట్టిందీ, ఇన్‌స్పెక్టరు పెళ్ళికూతుళ్ళకు చూపించిందీ ఆ చిన్నపిల్లాడి భయాన్నే.

"ఆవిడ మీ అత్త కాదురా," అన్నాను. సర్వీసులో అతన్ని ఒరే అనడం అదే మొదటిసారి. "నిన్ను పంపించడం లేదు. నువ్వు ఆపలేదని తనే వెళ్తోంది. వెళ్ళి ఉండమని అడుగు."

"అడిగితే కాదంటే?"

అతని మొహంలో అప్పుడు చూశాను భయం. ఎదురుగా అదే పట్టా మీద బండి వస్తుంటే ఉండే భయం అది, అంతకంటే తక్కువ కాదు. ఇంత వయసొచ్చి, ఇంత బండి నడిపే మనిషి, ఒక్క ప్రశ్నకు అంత భయపడుతున్నాడు. నాకు తెలిసిన ధైర్యవచనాలన్నీ ఆ క్షణంలో పనికిరానివనిపించాయి.

"కాదంటే తిరిగొచ్చెయ్. గూడ్సులకేం, ఎప్పుడూ ఉంటాయి," అన్నాను.

లేచాడు. యూనిఫాంలోనే, బ్యాగు లాక్కుంటూ వెళ్ళాడు. పరుగెత్తలేదు. అతను పరుగెత్తే రకం కాదు.

తర్వాత కంట్రోల్ నుంచి ఫోను వచ్చింది. కంట్రోల్ అంటే ఒక గదిలో కూర్చుని డివిజను బళ్ళన్నీ ఫోను మీద నడిపే వాళ్ళు. బండి రెడీగా ఉంది, డ్రైవరు వచ్చాడని చూపిస్తోంది, సైన్ ఆన్ ఎందుకు చెయ్యలేదు అని అరిచారు. రెస్టు చాల్లేదు అన్నాను. సిస్టంలో రెస్టు పూర్తయిందే అన్నారు. సిస్టం వాళ్ళింటికి వెళ్ళలేదు అన్నాను. దానికి వాళ్ళ దగ్గర జవాబు లేదు, అందుకని ఇంకొంచెం అరిచారు. వేరే డ్రైవర్ని వెతికి పంపేసరికి ఆ గూడ్సు బాగా లేటయింది. దాని గురించి నన్ను వివరణ అడిగారు, ఇచ్చాను, నమ్మలేదు, వదిలేశారు.

ప్లాట్‌ఫారం మీద ఏం జరిగిందో ఆ అమ్మాయే తర్వాత చెప్పింది. కిటికీ పక్కన వచ్చి నిలబడ్డాడట. వెళ్ళి నీళ్ళ సీసా కొని ఇచ్చాడట. ఛార్జరు పాయింటు పనిచేస్తోందా చూసుకో అన్నాడట. ఈమెకు ఏడుపు, కోపం కలిసి వచ్చి మొహం తిప్పేసుకుందట. బండి కదిలింది. పక్కన నడిచాడు. కాస్త దూరం నడిచి, తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఎక్కేశాడు. కదిలే బండి ఎక్కకూడదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది అతనే. వచ్చి ఆమె ఎదురు సీట్లో కూర్చున్నాడు. అంచునే. బ్యాగు ప్లాట్‌ఫారం మీద ఉండిపోయింది.

టిక్కెట్టు కలెక్టరు వచ్చి యూనిఫాం చూసి, డ్యూటీనా అని అడిగాడు. కాదన్నాడు. టిక్కెట్టు? లేదన్నాడు. మరి ఎక్కడిదాకా? అని అడిగితే అతను ఈమె వైపు చూశాడట. తెలియదండీ అన్నాడట. కలెక్టరు పాపం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, జరిమానా సంగతి తర్వాత చూద్దామని ముందు బోగీకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడు నాలుగు స్టేషన్లు ఇద్దరూ కిటికీలోంచి పొలాలు చూశారు.

అప్పుడు అన్నాడట, కింద నేల చూస్తూ. "నువ్వు ఎల్లిపోతే నాకు బయమేస్తాది. ఉండవా?"

అంతే. ఇంకేం లేదు. ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే కూర్చుంది కదా, వెంటనే మెత్తబడిపోయి ఉంటుందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. కాదు. తిట్టడం మొదలుపెట్టిందట. గిన్నె దగ్గర్నుంచి మాత్రల అట్టలదాకా, సెమినార్‌లో చప్పట్లదాకా, కిటికీ పక్క బెర్తుదాకా ఒక్కటీ వదలకుండా, పక్క సీట్లవాళ్ళు వినేలా బాలాసోర్‌దాకా తిట్టిందట. అతను లేచి వెళ్ళలేదు. తలొంచుకుని అంతా విన్నాడు. ఆమె అలిసిపోయి ఆగితే, ఇంకా ఉందా అని అడిగాడట. అప్పుడు నవ్వొచ్చిందట ఆమెకు. బాలాసోర్‌లో దిగి, జరిమానా కట్టి, లోకల్లో తిరిగొచ్చారు. మా లాబీ కుర్రాళ్ళు బ్యాగు తెచ్చి దాచి ఉంచారు.

ఆ ఇంటికి ఇన్‌స్పెక్టరు మళ్ళీ వెళ్ళినప్పుడు లోపల టీవీ మోగుతోంది, కూరలో ఉప్పు ఎక్కువైందా లేదా అన్న విషయం మీద చర్చ జరుగుతోంది. ఆయన దిగులుపడి నా దగ్గరికొచ్చి, దాదా, ఆ ఇల్లు పాడైపోయింది అన్నాడు. రిపోర్టులో ఆదర్శం తీసేసి సాధారణం అని మార్చాడు. నేను ఆయనకు మిష్టీ, అదే మిఠాయి, తెప్పించి పెట్టాను. ఎందుకో చెప్పలేదు.

మా చెల్లెలి మనవరాలు కలకత్తాలో సైకాలజీ చదువుతోంది. ఆ పిల్లకు ఈ సంగతి చెబితే, దానికి పేరుంది తాతయ్యా అంది. అడిగినప్పుడు ఎవరూ దగ్గరికి తీసుకోకపోతే పిల్లలు అడగడం మానేస్తారట, పెద్దయ్యాక నిజంగా దగ్గరికి తీసుకునే మనిషి దొరికినా చెయ్యి చాపడం రాదట. మరి మా లాబీలో ఇంకొకడు ఉండేవాడు, వాడూ అలాగే చుట్టాల ఇళ్ళలో పెరిగినవాడే. వాడు దిగిన ప్రతి స్టేషన్లోనూ పెళ్ళానికి ఫోను చేసి, నువ్వు ఉన్నావా అని అడిగేవాడు. ఆవిడ విసిగిపోయి, వాడి ఫోను లాక్కోండి బాబూ అని నా దగ్గరికొచ్చింది. వాడి సంగతేమిటి అన్నాను. దానికీ పేరుందట. భయం ఒక్కటేనట, ఒకడు మూసుకుపోతాడు, ఒకడు వేలాడతాడు. అలా పెరిగిన వాళ్ళందరూ ఇలాగే అవుతారని కూడా కాదట, మధ్యలో ఒక్క మనిషి గట్టిగా పట్టుకుంటే చాలామంది నిలబడతారట. ఆ రెండు పేర్లూ ఒక కాగితం మీద రాసిచ్చింది. ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

అతను మారిపోయాడని నేను చెప్పను. బాలాసోర్ నుంచి తిరిగొచ్చినంత తేలిగ్గా మనుషులు మారరు. తర్వాత కూడా చాలాకాలం బట్టలు బ్యాగులోనే ఉండేవి. కొన్ని రోజులు బిగుసుకుపోయేవాడు. అలాంటప్పుడు ఆ అమ్మాయి గొంతు పెంచి, ఈయనగారు మళ్ళీ చుట్టపుచూపుగా వచ్చినారు అనేదట. ఆ మాట అంటే దిగి వచ్చేవాడు. ఒకసారి నా దగ్గరికొచ్చి సెలవు అడిగాడు. కారణమేమిటన్నాను. ఊరికే ఇంట్లో ఉండాలనుంది సార్ అన్నాడు. అంత నిజమైన కారణం మా కంప్యూటర్లో లేదు, ఏదో ఒకటి నొక్కి ఇచ్చేశాను.

నేను రిటైరయ్యే ముందు జరిగిన ఒక సంగతి చెప్పి ఆపుతాను. అప్పటికి వాళ్ళకు ఒక కూతురు. నడక వచ్చింది, మాటలు వస్తున్నాయి. ఒకరోజు పొద్దున్న అతను క్యారేజీ మర్చిపోయి డ్యూటీకి వచ్చేస్తే, ఆ అమ్మాయి పిల్లను చంకనేసుకుని తెచ్చింది. తండ్రి వెళ్తున్నాడని పిల్లకు తెలిసిపోయింది. ఒక్క గుక్క పట్టి ఏడుపు లంకించుకుంది. కిందికి జారి, లాబీ నేల మీద పడుకుని, అతని ప్యాంటు కాలు రెండు చేతులా పట్టుకుంది. డ్రైవర్లు, క్లర్కులు అంతా చుట్టూ చేరారు. ఒకరు బిస్కట్టు ఇచ్చారు, విసిరికొట్టింది. ఒకరు పోలీసులు వస్తారన్నారు, ఇంకా పెద్దగా అరిచింది. తల్లి లాగబోతే అతను ఉండనీ అన్నాడు.

అతను వంగి పిల్లను చూస్తున్నాడు. మురిపెంగా కాదు, కంగారుగా కాదు. ఎప్పుడూ చూడనిదేదో చూస్తున్నట్టు చూస్తున్నాడు. గదంతా గోల గోలగా ఉంది. అతను తలెత్తి నన్ను అడిగాడు.

"ఇంత గోల సేస్తంది కదా సార్. దీన్ని ఎవరూ పంపించెయ్యరని దీనికెలా తెలుసు?"

అతని భార్య క్యారేజీ మూత సరిచేస్తూ మొహం దించుకుంది.

అతను పిల్లను ఎత్తుకున్నాడు. పిల్ల అతని చొక్కా కాలరు పట్టుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. అతను ఏడవొద్దని అనలేదు.